పనిలో చిక్కుకున్న పిల్లల గుర్తింపు, విడుదల: గోదావరి డెల్టా వారికి తరచుగా అడిగే ప్రశ్నలు

సచివాలయ సిబ్బంది, మహిళా పోలీసులు, అంగన్‌వాడీ టీచర్లు, హెడ్మాస్టర్లు, పంచాయతీ సభ్యులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. మన ప్రాంతంలో చట్టాలకు కొరత లేదు. పిల్లలు ఏ నెలలో, ఏ వేళకు, ఎక్కడ పనిలో ఉంటారో ఆ సమయానికి అక్కడికి వెళ్ళడం, తీసుకొచ్చిన మొదటి రోజునే కాగితాలు సరిగా రాయడం అనే రెండు పనుల్లోనే లోటు కనిపిస్తుంది. అందుకే జవాబుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

ఏ వయసు పిల్లలకు ఏ నియమం?

చట్టంలోని కొద్ది మినహాయింపులు తప్ప, 14 ఏళ్ళు నిండని పిల్లలను ఏ పనిలో పెట్టుకున్నా నేరమే. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించాక హోటలు, పొలం, ఇల్లు, షెడ్డు అనే తేడా లేకుండా పోయింది. 14 నుంచి 18 ఏళ్ళ లోపు వారిని చట్టం కౌమారులు అంటుంది. గనులు, మండే పదార్థాలు, పేలుడు సామగ్రి, ప్రమాదకర ప్రక్రియల్లో వీళ్ళను పెట్టకూడదు. బాణసంచా తయారీలో 17 ఏళ్ళ కుర్రాడు కనిపించినా అది నేరమే.

చాలామందికి తెలియని నియమం ఇంకొకటుంది. ప్రమాదకరం కాని పనిలో ఉన్న కౌమారులతో కూడా రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించకూడదు. మధ్యలో విరామం కలుపుకుని రోజు మొత్తం 6 గంటలు దాటకూడదు. వారానికి ఒక రోజు సెలవివ్వాలి. రొయ్యల షెడ్లలో పని సాగేది ఎక్కువగా రాత్రిళ్ళే కాబట్టి మన దగ్గర ఈ నియమం చాలా పనికొస్తుంది. "వాడికి పదహారు నిండాయండీ" అని యజమాని ఆధార్ కార్డు చూపించినా, రాత్రి పదకొండింటికి ఆ పిల్లవాడు రొయ్యల తలలు తీస్తూ కనిపిస్తే ఉల్లంఘన జరిగినట్టే.

డెల్టాలో ఎక్కడ, ఎప్పుడు వెతకాలి?

పిల్లలను వెతికి కాపాడే పోలీసు కార్యక్రమాలు జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో జరుగుతుంటాయి. మంచి కార్యక్రమాలే, కానీ మన పనుల క్యాలెండర్ వేరు. జులైకి వానలు పడి ఇటుక బట్టీలు ఖాళీ అయిపోతాయి, కూలీల ముఠాలు సొంత ఊళ్ళకు వెళ్ళిపోతాయి. అప్పుడు బట్టీకి వెళ్ళి "పిల్లలు లేరు" అని నివేదిక రాస్తే అబద్ధం కాదు గానీ, ఉపయోగమూ లేదు.

బట్టీలు నడిచేది వానలు వెనుకబట్టాక, ఎక్కువగా డిసెంబరు నుంచి మే నెలాఖరు దాకా. వాటిలో ఒడిశా నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు ఉంటాయి. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్కగడతారు కాబట్టి ఇంటిల్లిపాదీ పని చేస్తేనే గిట్టుబాటు. పుస్తకంలో తండ్రి పేరొక్కటే ఉంటుంది. పచ్చి ఇటుకలు తిరగేసేది, ఇసుక చల్లేది, బూడిద మోసేది పిల్లలు. తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఎండ ముదిరేలోపు, మళ్ళీ సాయంత్రం చల్లబడ్డాక పని సాగుతుంది. పదకొండింటికి వెళ్తే అందరూ గుడిసెల్లో పడుకుని ఉంటారు.

భీమవరం, ఉండి, ఆకివీడు, మొగల్తూరు, నరసాపురం వైపు రొయ్యల చెరువులు, వాటిని ఆనుకుని తలలు తీసే షెడ్లు ఉన్నాయి. చెరువులో రొయ్యలు పట్టేది ఏ రోజో ముందే తెలుస్తుంది, ఐసు లారీలు ఎటు పోతున్నాయో చూసినా అర్థమవుతుంది. ఆ రాత్రే షెడ్డు నిండా జనం ఉంటారు. వేళ్ళ సందుల్లో పుండ్లు పడి, ఐసు నీళ్ళకు అరచేతులు నాని, తరగతిలో కునికిపాట్లు పడే పిల్లలను టీచర్లు గమనిస్తే చాలు, షెడ్డు దాకా వెళ్ళకుండానే సగం సమాచారం దొరుకుతుంది.

చెరువు గట్టు మీది మకాంలో (కాపలా గుడిసెలో) ఉండే కుటుంబాలు ఇంకా కనబడవు. ఊరికి దూరం, ఓటరు జాబితాలో పేరు ఉండదు, రేషన్ కార్డు వేరే జిల్లాది. మేత వేయడం, రాత్రి ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆగకుండా చూడడం పిల్లలకు అప్పగిస్తారు. నీటిలో పడి, కరెంటు తగిలి ప్రాణం పోయే ప్రమాదం ఉన్న చోటు ఇది. ఇంటింటి సర్వే చేసేటప్పుడు గట్టు మీది మకాంలను కూడా ఇళ్ళుగా లెక్కించాలి.

కోనసీమలో కొబ్బరి పీచు యూనిట్లు, కాయ వొలిచే కళ్ళాలు చూడాలి. జాతీయ రహదారి 16, 216ల వెంట హోటళ్ళు, దాబాలు, పంక్చరు షాపులు చూడాలి. పట్టణాల్లో అపార్టుమెంట్లలో ఇంటిపని చేసే ఆడపిల్లల గురించి లిఫ్టు ఎక్కి దిగే కూరగాయల వాళ్ళకు, వాచ్‌మన్‌కు తెలుస్తుంది. తీర్థాలకు, జాతరలకు రికార్డింగ్ డ్యాన్సు బృందాలతో తిప్పే అమ్మాయిల వయసు ఎవరూ అడగరు. అనుమతి ఇచ్చే పోలీసు స్టేషనులోనే వయసు ధ్రువపత్రాలు అడగాలని మా గట్టి అభిప్రాయం.

"సొంత కుటుంబ పనే కదా" అంటే ఏం చేయాలి?

కుటుంబ వ్యాపారంలో పిల్లలు సాయం చేయవచ్చన్న మినహాయింపు చట్టంలో ఉంది. దాని హద్దులు మాత్రం చాలా ఇరుకు. ఆ వ్యాపారం కుటుంబానికే చెందాలి. బడి వేళల్లో చేయించకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు చేయించకూడదు. రోజుకు 3 గంటలు దాటకూడదు. ప్రమాదకరమైన పని కాకూడదు. పెద్దవాళ్ళు చేయాల్సిన పనికి బదులుగా పిల్లవాడిని పెట్టకూడదు. బట్టీ యజమానిది, కుటుంబం అక్కడ కూలీ మాత్రమే. కాబట్టి తండ్రి పక్కనే కూర్చుని ఇటుక తిప్పినా ఈ మినహాయింపు వర్తించదు. చాలా తనిఖీలు ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోతున్నాయి గనుక గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

పిల్లవాడు చెప్పాపెట్టకుండా వరుసగా 30 రోజులు బడికి రాకపోతే హెడ్మాస్టరు ఆ జిల్లాలో ఈ చట్టం అమలు చూసే నోడల్ అధికారికి తెలియజేయాలని బాల కార్మిక చట్టం 2017 నిబంధనలు చెబుతున్నాయి. డ్రాపౌట్ అని రాసి ఊరుకుంటే సరిపోదు.

అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి? ఏం చెప్పాలి?

పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. ఉచితం, రోజంతా పనిచేస్తుంది. ప్రాణాపాయం అనిపిస్తే 112. రైల్లోనో స్టేషన్లోనో అయితే 139, లేదా రైల్వే రక్షక దళం. కేంద్ర కార్మిక శాఖ పెన్సిల్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు, అది జిల్లా నోడల్ అధికారికి చేరుతుంది.

"ఫలానా ఊళ్ళో పిల్లలు పని చేస్తున్నారు" అంటే ఎవరూ కదలలేరు. ఊరు, రేవు లేదా లాకు పేరు, ఏ గట్టు మీదుగా వెళ్ళాలి, బండి ఎంతవరకు పోతుంది, ఎంతమంది పిల్లలు, సుమారు వయసు, ఏ భాష మాట్లాడుతున్నారు, ఏ వేళల్లో పని, అక్కడే పడుకుంటారా, గేటుకు తాళం వేస్తారా అన్నవి చెప్పాలి. వీలైతే ఫోన్‌లో లొకేషన్ పంపండి. యజమానిని మీరే నిలదీయకండి, పిల్లవాడితో వీడియో తీయకండి. మీరు వెనక్కి తిరిగేసరికి పిల్లల్ని వేరే మకాంకి మార్చేస్తారు.

మీ పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. అయితే తప్పిపోయిన, వదిలేసిన, తోడు లేని పిల్లలు కనిపించినప్పుడు 24 గంటల్లో తెలియజేయడం 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బాధ్యత. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

తనిఖీకి ఎవరెవరు వెళ్ళాలి?

కార్మిక శాఖ అధికారి, పోలీసు స్టేషనులోని బాలల సంక్షేమ పోలీసు అధికారి, జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి ఒకరు, రెవెన్యూ నుంచి తహసీల్దారు లేదా ఆయన పంపిన వారు, ఒక మహిళా సిబ్బంది. వెట్టిచాకిరి (అప్పు కింద బలవంతంగా చేయించే పని) అనుమానం ఉంటే ఆర్డీవోకి ముందే చెప్పి ఉంచాలి. ఒడియా పిల్లలు ఉంటారనుకుంటే ఒడియా తెలిసిన మనిషి తప్పనిసరి. మేస్త్రి చేత అనువాదం చేయించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అతనే వాళ్ళను తీసుకొచ్చినవాడు కావచ్చు.

వెళ్ళే ముందు రెండు బండ్లు, మంచినీళ్ళు, బిస్కెట్లు, దుప్పట్లు, పిల్లలను ఉంచే హోములో ఖాళీ ఉందన్న మాట సిద్ధం చేసుకోవాలి. ఊరి పేరు బృందంలో అందరికీ ముందు రోజే చెప్పకండి. మండల కేంద్రంలో కలిశాక చెబితే చాలు. మన ఊళ్ళలో ప్రతి ఒక్కరికీ ప్రతి ఒక్కరితో చుట్టరికం ఉంటుంది, ఒక్క ఫోను పోతే షెడ్డు ఖాళీ.

అక్కడికి చేరాక మొదట ఏం చేయాలి?

పిల్లలను యజమాని, మేస్త్రి కళ్ళ ముందు నుంచి పక్కకు తీసుకురావాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటే విడదీయకూడదు. "నిన్ను కొట్టారా? బలవంతం చేశారా?" అని మొదలుపెడితే ఏ పిల్లవాడూ నోరు తెరవడు. "పొద్దున్నే ఎన్నింటికి లేస్తావు? చివరిసారి ఇంటికి ఎప్పుడు వెళ్ళావు? డబ్బులు ఎవరి చేతికి ఇస్తారు? ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు? అమ్మతో ఫోన్ మాట్లాడతావా?" అని అడగాలి. జవాబుల్లోంచి నిర్బంధం దానంతట అదే బయటపడుతుంది.

ఈలోపు మరో అధికారి అడ్వాన్సులు రాసుకున్న పుస్తకం, హాజరు చీటీలు, ఫోన్‌పే చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, యజమాని దగ్గర దాచిన ఆధార్ కార్డులు పంచనామా రాసి స్వాధీనం చేసుకోవాలి. ఆ పుస్తకం ఆ గంటలో దొరక్కపోతే ఇక దొరకదు. వెట్టి కేసు నిలబడేది చాలావరకు ఆ పుస్తకం మీదే.

వయసు రుజువు లేకపోతే?

బాలల న్యాయ చట్టం సెక్షన్ 94 క్రమం చెబుతుంది. ముందు బడి ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన పత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ క్రమంలో లేదు. పరీక్షకు ఆదేశిస్తే 15 రోజుల్లో పూర్తి కావాలి. చూడగానే పిల్లవాడని తెలుస్తుంటే బాలల సంక్షేమ కమిటీ ఆ మాట నమోదు చేసి ముందుకు సాగవచ్చు. వయసు తేలే వరకు యజమాని దగ్గరే ఉంచుదామనే మాట ఒప్పుకోకూడదు.

మొదటి 24 గంటల్లో ఏం జరగాలి?

ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో పిల్లవాడిని బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. కమిటీలో ఒక ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. ఆ రోజు కమిటీ కూర్చోకపోతే ఒక్క సభ్యుడి ముందైనా హాజరుపరచవచ్చు. "ఆదివారం కదా" అన్న సాకు చెల్లదు. హాజరుపరిచేటప్పుడు కమిటీకి ఇచ్చే ఫారం 17లో ఎక్కడ, ఎలా, ఎవరితో ఉండగా దొరికాడో వివరంగా రాయాలి. "బాల కార్మికుడు" అని రెండు మాటలు రాసి వదిలేస్తే, తర్వాత వచ్చే ప్రతి కాగితం ఆ రెండు మాటలే నకలు చేస్తుంది. వైద్య పరీక్ష అదే రోజు చేయించాలి. సామాజిక విచారణ నివేదిక 15 రోజుల్లో రావాలి.

రాత్రి పిల్లలను పోలీసు స్టేషనులో ఉంచకూడదు. "తల్లిదండ్రులు వచ్చారు, సంతకం పెట్టించుకుని పంపేశాం" అని కమిటీకి చూపకుండా ఇచ్చేయకూడదు. వచ్చింది నిజంగా తల్లిదండ్రులో, మేస్త్రి పంపిన మనుషులో ఆ రాత్రి తేల్చలేం.

ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్లు పెట్టాలి?

ఇక్కడే కేసులు ఎక్కువగా నీరుగారిపోతాయి. పిల్లవాడిని నిర్బంధంలో ఉంచి పని చేయించడం, కూలి ఎగ్గొట్టడం బాలల న్యాయ చట్టం సెక్షన్ 79 కింద నేరం, ఐదేళ్ళ వరకు కఠిన కారాగారం. కానీ 2021 సవరణ తర్వాత మూడు నుంచి ఏడేళ్ళ శిక్ష ఉన్న నేరాలు ఆ చట్టంలో నాన్ కాగ్నిజబుల్ (కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేనివి) అయ్యాయి. ఒక్క 79తో స్టేషనుకు వెళ్తే కోర్టు అనుమతి కావాలంటారు. బాల కార్మిక చట్టం కింద యజమాని చేసిన నేరం మాత్రం కాగ్నిజబులే. ఒకే కేసులో ఒక్క కాగ్నిజబుల్ సెక్షన్ ఉన్నా మొత్తం కేసును అలాగే చూడాలి. అందుకని రెండింటినీ కలిపి ఫిర్యాదు రాయాలి.

బాల కార్మిక చట్టం కింద మొదటిసారి శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఎవరైనా ఆశ చూపో, మోసం చేసో, బెదిరించో పిల్లవాడిని దోపిడీ కోసం తరలించి ఉంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 143 చేర్చాలి. బాధితులు పిల్లలైతే కనీసం పదేళ్ళు, ఒకరికంటే ఎక్కువమంది పిల్లలైతే కనీసం పద్నాలుగేళ్ళు. పిల్లవాడు ఇష్టపడే వచ్చాడన్నది ఈ సెక్షన్‌లో లెక్కలోకి రాదు.

లైంగిక దాడి ఛాయ కనిపిస్తే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) తప్పనిసరి. వాంగ్మూలం వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, పిల్ల ఉన్న చోటికి వెళ్ళి తీసుకోవాలి. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి.

అడ్వాన్సు తీసుకుని వచ్చిన కుటుంబం అయితే?

అది వెట్టిచాకిరి కావచ్చు. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చిన యజమానే. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి చేయించేది బలవంతపు పనే అని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. గొలుసులు, తాళాలు కనిపించాల్సిన అవసరం లేదు.

విచారణ చేసి కలెక్టరు లేదా ఆర్డీవో విడుదల పత్రం ఇస్తారు. దానితో అప్పు రద్దయిపోతుంది. తక్షణ సాయంగా 30,000 రూపాయల వరకు, కేసు తేలేదాకా ఆగకుండా ఇవ్వాలి. పూర్తి పునరావాస సాయం వయోజన పురుషుడికి లక్ష, మహిళలకు, పిల్లలకు 2 లక్షలు, తరలింపు, లైంగిక దోపిడీ వంటి తీవ్రమైన సందర్భాల్లో 3 లక్షలు. ఇది శిక్ష ఖరారుతో ముడిపడి ఉంటుంది. జిల్లాలో నిధి లేదంటే, ఈ పథకం కిందే ప్రతి జిల్లాలో కనీసం 10 లక్షల రూపాయల శాశ్వత నిధి కలెక్టరు చేతిలో ఉండాలని గుర్తు చేయండి.

విడుదల పత్రం చేతికి రాకుండా కుటుంబాన్ని రైలెక్కించకండి. ఒకసారి ఊరు దాటాక ఆ పత్రం కోసం ఎవరూ తిరిగి రాలేరు. పత్రంలో పిల్లల పేర్లు విడివిడిగా ఉండాలి. తండ్రి పేరొక్కటే రాస్తే పిల్లలకు రావాల్సింది పోతుంది.

బాల కార్మిక కేసులో పిల్లవాడికి డబ్బు వస్తుందా?

వస్తుంది. యజమాని కట్టిన జరిమానా జిల్లా బాల, కౌమార కార్మిక పునరావాస నిధికి చేరుతుంది, ప్రభుత్వం ఒక్కొక్కరికి 15,000 రూపాయలు కలుపుతుంది. బ్యాంకు ఖాతా వెంటనే తెరిపించాలి.

తల్లిదండ్రుల మీద కేసు పెడతారా?

మొదటిసారికి శిక్ష లేదు. మళ్ళీ పంపితే 10,000 వరకు జరిమానా ఉంది. ఈ సంగతి ముందే చెబితే వాళ్ళు దాక్కోరు, సమాచారం ఇస్తారు.

ఒడిశా పిల్లలను ఎలా పంపాలి?

ఇక్కడి కమిటీ, సొంత జిల్లా కమిటీకి రాసి, అక్కడ ఇల్లు, కుటుంబం పరిస్థితి తెలుసుకున్నాక, తోడు మనిషితో పంపుతుంది. అమ్మాయి అయితే మహిళ తోడుండాలి. టికెట్ కొనిచ్చి మేస్త్రి వెంట పంపడం అంటే మరో బట్టీకి పంపడమే. అక్కడ బడిలో చేరాడా లేదా అని మూడు నెలలకొకసారి కనుక్కునే బాధ్యత ఇక్కడి బాలల సంరక్షణ విభాగంలో ఒకరి పేరు మీద రాసి ఉండాలి.

పిల్లవాడు కనబడడం లేదు. ఎన్నాళ్ళు ఆగాలి?

ఒక్క గంట కూడా ఆగక్కర్లేదు. తప్పిపోయిన పిల్లల ప్రతి ఫిర్యాదుకూ ఎఫ్ఐఆర్ కట్టాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్ఐఆర్ (తమ పరిధి కాకపోయినా కట్టి, తర్వాత అసలు స్టేషనుకు పంపేది) పెట్టవచ్చు. నాలుగు నెలల్లో దొరక్కపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్ళాలి.

విడిపించిన పిల్లలు మళ్ళీ పనిలోకి ఎందుకు పోతున్నారు?

కారణాలు మూడు. ఇంట్లో అప్పు అలాగే ఉంటుంది. వయసుకు తగ్గ తరగతిలో వేస్తే చదవలేక సిగ్గుపడి మానేస్తారు. ఎవరూ మళ్ళీ చూడరు. అందుకే బడిలో వేసేటప్పుడు నేరుగా తరగతిలో కాకుండా ప్రత్యేక శిక్షణతో వేయాలి, ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయం అడగాలి. సచివాలయంలో విడుదలైన పిల్లల జాబితా ఒకటి ఉంచి, మొదటి నెలలో వారానికోసారి, తర్వాత ఆరు నెలల పాటు నెలకోసారి బడి హాజరు చూస్తే సరిపోతుంది. తల్లికి రేషన్ కార్డు, పొదుపు సంఘం సభ్యత్వం, ఉపాధి హామీ జాబ్ కార్డు అదే నెలలో అందాలి. పిల్లవాడి కూలి ఇంటికి తెచ్చే డబ్బుకు బదులు ఏదో ఒకటి లేకపోతే ఆ కుటుంబాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

పేపరులో ఫొటో వేయించవచ్చా?

కూడదు. పేరు, ఊరు, బడి, ముఖం, గుర్తుపట్టే వివరం ఏదైనా ప్రచురిస్తే ఆరు నెలల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా. అధికారులతో వరసగా నిలబెట్టి, ముఖాలకు మాత్రం మసక వేసిన ఫొటో అయినా, ఊరూ షెడ్డూ కనిపిస్తే నేరమే. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేది కూడా ఇందులోకే వస్తుంది.

యానాంలో జరిగితే ఎవరికి చెప్పాలి?

యానాం పుదుచ్చేరి పాలనలో ఉంది. పిల్లవాడు తాళ్ళరేవు వాడైనా, యానాంలో పని చేస్తుండగా దొరికితే చర్య తీసుకోవాల్సింది అక్కడి పోలీసులు, పుదుచ్చేరి బాలల సంక్షేమ యంత్రాంగం. మీరు 1098కి ఎక్కడి నుంచి చేసినా సరే, పిల్లవాడు ఉన్న చోటు యానాం అని మొదటి మాటలోనే చెప్పండి. లేకపోతే ఫిర్యాదు కాకినాడకో అమలాపురానికో వెళ్ళి, అక్కడి నుంచి తిరిగి రావడానికి ఒక రోజు పోతుంది. ఫిర్యాదు కాకినాడ జిల్లా స్టేషనులో ఇచ్చినా జీరో ఎఫ్ఐఆర్ కట్టి యానాంకు పంపాల్సిందే.